నడిమి కుర్చీ

కోయింబ్రాలో మా మ్యూజియానికి పన్నెండు గోడలు,
దువ్వెన పళ్ళలా నాలుగు సందులు.
యూనివర్సిటీ నుంచి వచ్చినాయన
ప్లానుని ముక్కోణాలుగా కోసి
మూలకొక చుక్క పెట్టాడు, మూడు రంగుల్లో.
పసుపు చుక్కలు నాలుగు.
"నాలుగు జతల కళ్ళు చాలు," అన్నాడు.
తప్పు పట్టలేం. ఏ గోడా దాగదు.

జుల్మీరా కుర్చీ తీసేశారు.
నడుమ కూర్చునేది. నిజమే,
ఆమె కాసే గోడంటూ ఒక్కటీ లేదు.
మేం నలుగురం మాత్రం ఆమెకి కనబడేవాళ్ళం.
నాకు కునుకు పడితే దగ్గేది.
మోకాలు రుద్దుకోవడం చూసిందేమో,
ఓ సాయంత్రం మందునూనె తెచ్చింది.

ఇప్పుడు నా సందులో
ఏడుగురు సెయింట్లు, ఒక చచ్చిన కుందేలు.
అన్నిటి మీదా నా చూపుంది.

మధ్యాహ్నం నారింజ ఒలిచాను, రూలుకి విరుద్ధం.
తొక్క నేల మీదే వదిలాను,
ఎవరైనా చూస్తారేమోనని.