పోటు వేళ

ఆస్పత్రిలో నా నెత్తురు అబద్ధమాడుతుందట.
తెల్లకోటు కనబడితే చాలు,
బడిపిల్లలా లేచి నిలబడుతుందట.
అందుకని నర్సు జుడీట్
ఒక పెట్టె చేతికిచ్చి ఇంటికి పంపింది:
పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు,
ఏడు రోజులు రాసి తీసుకురా ఎర్మెలిండా,
నిజం రాయి.

నిజం రాయడం నాకు కొత్తేం కాదు.
ముప్ఫై రెండేళ్ళు అవేరో ఉప్పుమళ్ళలో
తట్టలు మోసి, లెక్క రాసినదాన్ని.
ఆ పుస్తకంలోనే వెనకవైపు నుంచి మొదలుపెట్టాను.
ముందు పేజీల్లో ఉప్పు,
వెనక పేజీల్లో నేను.

కాఫీ తాగి అరగంట దాటాలి. అదే మొదటి కష్టం.
పాదాలు రెండూ నేలకు ఆనాలి.
చెయ్యి గుండె ఎత్తున ఉండాలి.
బల్ల పొట్టిది. బంగాళాదుంపల సంచి మీద మడిచిన దుప్పటి,
దాని మీద మహారాణిలా నా ఎడమ చెయ్యి.
తర్వాత ఐదు నిమిషాలు
మాట్లాడకూడదు, టీవీ పెట్టకూడదు,
పొంగబోయే పాలవైపు కూడా చూడకూడదు.

ఐదు నిమిషాలు ఇంత పొడుగని ఎవరైనా చెప్పారా నాకు?
నిద్రలో తప్ప ఊరికే ఉన్నదెప్పుడు?
మొదటిరోజు కిటికీ రెక్క కీచుమంటోందని తెలిసింది.
రెండోరోజు, గోడ మీద మరకకు తోక ఉందని.
మూడోరోజు, నా ఊపిరి
కుడి ముక్కులోంచే ఎక్కువ వస్తుందని.

పట్టీ ఉబ్బుతుంది.
బాకీ వసూలుకొచ్చినవాడిలా జబ్బ పట్టుకుంటుంది.
ఇక విరుగుతుందనుకున్న క్షణంలో
మెల్లిగా వదిలేస్తూ, వదిలేస్తూ...
తూము ఎత్తితే మడిలోంచి నీళ్ళు జారినట్టే.
అప్పుడర్థమైంది, ఈ రెండంకెలూ నాకు పాతచుట్టాలేనని:
పైది పోటు,
కిందది ఆటు.

ఉప్పు తిన్నవాళ్ళు నీళ్ళు తాగాలంటారు.
నాకేమో నీళ్ళు పోయే మాత్ర రాసిచ్చారు.
ఉప్పుచేప వద్దు, ఊరిన ఆలివ్‌కాయలు వద్దు,
సూపులో చిటికెడు కూడా వద్దు.
ఇన్నేళ్ళు నెత్తిన మోసినదాన్ని
నాలిక మీద పెట్టుకోవద్దంటే
ముందు నవ్వొచ్చింది. కోపం తర్వాత వచ్చింది.

ఒప్పుకుంటాను, నాలుగోరోజు అబద్ధం రాశాను.
నూట నలభై తొమ్మిది వస్తే నూట ముప్ఫై తొమ్మిది.
ఒక్క అంకె.
తట్టల లెక్కలో ఏనాడూ చెయ్యని పని.

ఐదోరోజు కొళాయి బాగుచెయ్యడానికొచ్చి
పడవల వెనాన్సియో
"ఆ ఆటబొమ్మ నాకూ కట్టు" అని చెయ్యి చాచాడు.
ఐదు నిమిషాలు కాదు, ఐదు క్షణాలు నోరు మూయలేదు.
నూట ఎనభై ఎనిమిది. కింద నూట పన్నెండు.
"మిషను చెడిపోయింది" అని నవ్వి
రెంచీ తీసుకుని వెళ్ళిపోయాడు.
నేనూ నవ్వాను.
కాసేపాగి నాకు చూసుకుంటే నూట ముప్ఫై ఆరు.
మిషను చెడిపోలేదు.
ఆ సంగతి మాత్రం ఎక్కడా రాయలేదు.

ఎనిమిదోరోజు జుడీట్ పుస్తకం చూసి మెచ్చుకుంది.
తర్వాత పెట్టె మీద చిన్న మీట నొక్కింది.
యంత్రానికి జ్ఞాపకం ఉంటుందని
నాకెవరూ చెప్పలేదు.
నూట నలభై తొమ్మిది బయటికొచ్చింది, సిగ్గులేకుండా.
దాని వెనకే నూట ఎనభై ఎనిమిది.
"ఇదెవరిది, ఎర్మెలిండా?"

నాది కాదన్నాను.
నమ్మలేదు. ఎలా నమ్ముతుంది,
ఒక్క అంకె దగ్గర పట్టుబడ్డదాన్ని.

ఇప్పుడు పెట్టె సంచిలో వేసుకుని
కాలవ ఒడ్డున పడవల షెడ్డు ముందు నిలబడ్డాను.
వెనాన్సియో బోర్లించిన పడవకు తారు పూస్తున్నాడు.
నన్ను చూసి ఏదో వేళాకోళం మొదలుపెట్టాడు.
"నోరు మూసుకుని కూర్చో" అన్నాను,
"కాళ్ళు నేలకానించు. చెయ్యి ఇలా, పడవ మీద."

కూర్చున్నాడు. ఎందుకో, కూర్చున్నాడు.
మేమిద్దరం మాటల్లేకుండా ఐదు నిమిషాలు గడపడం
నలభై ఏళ్ళలో ఇదే మొదలు.
కాలవలో నీళ్ళు పైకొస్తున్నాయి,
కట్టిన పడవల తాళ్ళు ఒక్కటొక్కటే బిగుస్తున్నాయి.
నేను మీట నొక్కాను.