పదకొండు కిలోల నాలుగొందలు

రాత్రి డ్యూటీకి గాజులు తీసి లాకర్లో పెట్టి
మోచేతుల దాకా కడుక్కుని
గాలిని కూడా వడగట్టి పంపే గదిలో కూర్చుంటాను.
బయట కువైట్ అంతా దుమ్ము.

తాలింపు లేని వంట నాది, వాసన లేని వంట.
గ్లూకోజు, అమైనో ఆమ్లాలు,
చిటికెడు కూడా కాని జింకు.
ఫాస్ఫేటు ముందు, కాల్షియం చిట్టచివర,
వరస తప్పితే పాలలా విరుగుతుంది,
విరిగినట్టు కంటికి కనబడకపోవచ్చు కూడా.
కొవ్వు పోశాక
సంచి మొత్తం గంజి రంగుకు తిరుగుతుంది.

లేబుల్ మీద: జుమానా. నాలుగేళ్ళు.
పదకొండు కిలోల నాలుగొందలు.
అంతకు మించి ఆ పిల్ల నాకు తెలియదు.
కేన్సర్ మందుకి నోరంతా పుండై
ఉమ్మి కూడా మింగలేకపోతోందట.
నేను కలిపింది నాలుకకు చెప్పకుండా
మెడ కింది గొట్టంలోంచి నెత్తుట్లోకి పోతుంది,
ఇరవై నాలుగు గంటలూ ఒకటే ముద్ద.

మొదటి వారం తక్కువ తక్కువగా రాశారు.
బీడుపడ్డ మడికి ఒక్కసారిగా కాలువ వదిలితే
మట్టి కొట్టుకుపోతుందని
పుల్లంపేటలో ఎవర్నడిగినా చెబుతారు.

మా అమ్మ ఈ దేశంలోనే, సాల్మియాలో,
పందొమ్మిదేళ్ళు పరాయి పిల్లలకు వండింది.
ఎవరికి ఉల్లిపాయ పడదో, ఎవరు గుడ్డు సొన వదిలేస్తారో
ఫోన్లో చెప్పేది.
నేను హాస్టలు అన్నంలో పురుగులేరుకుంటూ వినేదాన్ని.
అప్పట్లో కోపం.
ఇప్పుడు రాత్రి మూడింటికి
మొహం చూడని పిల్ల రెండొందల గ్రాములు తగ్గితే
నాకు కడుపులో తిప్పుతుంది.

పదకొండు రెండొందలు.
పదకొండు రెండొందలు.
పదకొండు ఐదొందలు.
ఆ రోజు ఒంటికి నీరు పట్టిందేమో అనుకున్నాను,
నమ్మడానికి భయమేసి.

నిన్న ఆర్డరు సగానికి పడింది.
తొమ్మిదొందల మిల్లీలీటర్లు కాస్తా నాలుగొందల యాభై.
ఎప్పుడూ చేయనిది, వార్డుకు ఫోన్ చేశాను.
షైనీ సిస్టర్ తన మలయాళపు తెలుగులో,
"పెరుగులో ముంచి రొట్టె అంచు కొరికింది.
సగం ఉమ్మేసింది.
మళ్ళీ కావాలంది."

నా చేతి కూడు ఒకరు వద్దంటే
ఇంత తేలికపడతానని తెలియదు.
నాలుగొందల యాభయ్యే కలిపాను.
వెలుగు సోకకుండా గోధుమరంగు తొడుగు వేసి
ట్రాలీ అబ్బాయి చేతికిచ్చాను.
లాకర్లో నిన్నటి పులిహోర డబ్బా ఉంది.
నిలబడే తిన్నాను,
అడుగు దాకా గీకి.