బోణీ

కల్వకుర్తి బస్టాండు మూలకు
ఈదమ్మ పల్లిపట్టీల తట్ట.
సారు రెండు కిలోలు జోకమన్నడు,
పైసలిచ్చి కాయిదం మీద ఏలిముద్ర ఏయించుకున్నడు.
చట్టం ఊకెనే తీస్కోదు.
ఆమె నోట్లు కండ్లకద్దుకుంది,
పొద్దుగాల్నే బోణీ అయిందని.

నేను కొవ్వొత్తి ముట్టించిన.
నాలుగు పొట్లాలు, నాలుగింటికీ లక్క ముద్రలు.
ఒకటి హైదరాబాదు ల్యాబుకు.
"అండ్ల ఏం జూస్తరు బిడ్డా?"
పల్లీలకు బూజు పడితె
కంటికి ఆనని విషం పుడ్తదని చెప్పిన.
"కంటికి ఆనకుంటె నాలికెకు ఆనదా?
చేదు గింజ ఒక్కటి తగిలితె
గంపంత గుమ్మరించి ఏరుత నేను."

మీసేవల తీసిచ్చిన పద్నాలుగంకెల నంబరు
తట్టకు కట్టి ఉంది, తాయెత్తు తీరు.
అది సదవడం ఆమెకు రాదు.
చెడగొట్టు వానకు నానిన కాయను
యార్డుల ఎవలు కొన్నరో, ఏ కుప్పల కలిపిండ్రో
ఏ ముద్ర మీదా లేదు.

పద్నాలుగు దినాలకు రిపోర్టొచ్చింది.
సారు జీపు దిగలే,
కవరిచ్చి నన్ను పంపిండు.
ఆమె దూరంకెల్లే గుర్తువట్టి
"మళ్ల బోణీ నీదేనా కొడకా?" అని
కొంగుతోటి తక్కెడ తుడుస్తున్నది.