రెండు నోల మధ్య గీత

పర్లాకిమిడి గోడల మీద నేను రాసినన్ని వద్దులు
ఏ తాసీల్దారూ రాసుండడు.
ఇక్కడ మూత్రము పోయరాదు.
చెప్పులు బయట విడువవలెను.
బీడీ కాల్చిన యెడల జరిమానా.
అక్షరానికింత అని లెక్క,
రాదుకీ కూడదుకీ కొమ్ములు కలిపే రేటు.

ఒడియాలో అయితే మనా అంటే చాలు.
ఆసుపత్రి తలుపు మీద ‘ప్రబేశ మనా’ అని రాస్తే,
కాంపౌండరు బిగ్గరగా చదివి వినిపిస్తే,
పాతపట్నం ముసలామె
"మనదే అయితే మరి ఆపడమేటి" అని
తిన్నగా లోపలికి నడిచింది.
నేను నవ్వలేదు. అప్పట్నుంచీ
ఆ మాట దగ్గర కుంచె కొంచెం తడబడుతుంది.

మొన్న ఆదివారం కొత్త ఇంగ్లీషు బడి గోడ.
స్నిగ్ధారాణి మేడం కాయితం ఇచ్చింది:
పైన పెద్దక్షరాల్లో నో-నో, కింద పదకొండు వరసలు.
"ఒక నో చాలదా మేడం?"
ఆవిడ ఒడియాలో చెప్పింది, నేను తెలుగులో విన్నాను:
"ఒక నో కోపం దండాసీ, రెండు నోలు ముద్దు.
పాకే పిల్ల ప్లగ్గులో వేలు పెట్టబోతే అనే మాట.
చట్టం కాదు, జైలు లేదు,
చేస్తే బాగోదు, అంతే.
పెళ్లికి నల్లచీర కట్టడం నో-నో.
చావింట్లో వంటలు మెచ్చుకోవడం నో-నో."
మాట కాస్తా వస్తువైపోయింది,
ఒక నో-నో, అరడజను నో-నోలు,
బుట్టలో నిమ్మకాయల్లాగ.

మాకూ ఉందో జంట.
విస్తరి మీద చెయ్యి అడ్డుపెట్టి మా అత్త ఆదెమ్మ
వద్దొద్దంటుంది,
వేళ్ల మధ్య గరిటె పట్టే సందు వదిలి.
ఒక్క వద్దంటే వద్దే.
రెండయితే ఇంకో ముద్ద.

అదే తలుచుకుంటూ వేసుకుపోయాను. ఎరుపు, పసుపు అంచు.
పరుగెత్తడం. గోళ్లు కొరకడం. సిరా జల్లుకోవడం.
ఏడో వరస: తెలుగు మాట్లాడటం.
ఎనిమిది: ఒడియా.
నిచ్చెన మీదే కాసేపు కూర్చుండిపోయాను.
ముద్దుగానే ఉంది.
పక్కన నవ్వే కుందేలుని కూడా వెయ్యమంది.

కింద రంగు కలుపుతున్న సవర మంగడు,
ఎనిమిది దాకా చదివినవాడు,
వరసలన్నీ రెండుసార్లు చూసుకుని అడిగాడు:
"బావూ, మా మాట పేరు లేదు కదా ఇందులో.
మరి మేం మాట్లాడుకోవచ్చా?"
మేడానికి తోచలేదు.
నాకూ తోచలేదు.

ఇక మిగిలింది రెండు నోల మధ్య అడ్డగీత.
అది అక్షరం కాదు, దానికి డబ్బుల్లేవు.
పాతపట్నం దారిలో చెక్‌పోస్టు గడలాంటిది,
లారీలకి దిగుతుంది, సైకిళ్లని పట్టించుకోదు.
దాన్ని కొంచెం పైకి వేశాను,
బడిపిల్ల తల వంచకుండా
దూరిపోయేంత.