కింది ఇంటి చెవి

లైప్‌జిగ్‌లో నవంబరు. సాయంత్రం నాలుగున్నరకే
వీధి దీపాలు. షాపులో నేనొక్కణ్ణే.
తలుపు గంట మోగింది: ముందు ఆవిడ,
వెనక, గొడుగు దులుపుకుంటూ ఆయన.

మొగుడూ పెళ్ళాలనుకున్నాను. కాదట.
"నాది మూడో అంతస్తు. ఈయనది రెండు.
నేను గెంతితే అది ఈయన నెత్తిమీదే కదా,
అందుకని వెంటబెట్టుకొచ్చాను," అంది రోస్‌విటా.

ముప్ఫయ్యొక్క ఏళ్ళు ట్రామ్ నడిపిన మనిషి.
కూర్చునే ఊరంతా తిరిగింది.
ఎముకలు పాత బిస్కెట్లవుతున్నాయన్నాడట డాక్టరు.
ఎగరమన్నాడట, కానీ పడకుండా.

నోటికొచ్చిన పాఠం అప్పజెప్పాను:
స్టీలు స్ప్రింగులది చవక, ఎదురు తన్నుతుంది.
రబ్బరు తాళ్ళది ఖరీదు, మోకాళ్ళని కనికరిస్తుంది.
బరువెంతో చెబితే ఎంత బిగువు కావాలో చెబుతాను.
ఆవిడ చెప్పింది. ఆయన కిటికీలోంచి వాన చూశాడు.
మడతపడే కాళ్ళా? పట్టుకోడానికి కడ్డీ?
"అందరికీ చెప్పేదాన్ని, పట్టుకోండి పట్టుకోండని.
ఇప్పుడు నా వంతు. కడ్డీ ఉన్నదే చూపించు."

అప్పుడాయన కోటు విప్పి, మడిచి,
తలకింద పెట్టుకుని
నా షాపు నేలమీద వెల్లకిలా పడుకున్నాడు.

"ఓట్టోకార్, లేవండి, జనం చూస్తారు."
"జనమెవరు? ఈ అబ్బాయే కదా. మీరెక్కండి."
పియానోలు శృతి చేయడం ఆయన పని.
కళ్ళు మూసుకుంటే ముఖమంతా చెవే.

మొదటిదాని స్ప్రింగు కిర్రుమంది.
"వద్దు. నిద్రలో పళ్ళు నూరే పిల్లాడిది."
రెండోది. "దీనికో కాలు పొట్టి.
నాలుగు దెబ్బలకోసారి నేలని తడుతోంది."
తిరగేసి చూశాను. ఒక కాలికి రబ్బరు తొడుగు లేదు.
రెండేళ్ళుగా అమ్మకానికి పెట్టాను దాన్ని.
మూడోదానికి ఏమీ అనలేదు, చెయ్యి ఊపాడంతే.
నాలుగోది కడుపులో తిప్పుతోందని ఆవిడే దిగిపోయింది.

ఐదోది మా షాపులో అన్నిటికన్నా ప్రియం.
ముప్ఫయ్యారు తాళ్ళు. పాదాలు పైకి లేవనే లేదు,
మడమలు మాత్రం, పాలు పొంగబోయి ఆగినట్టు,
లేస్తూ, తగ్గుతూ.
నేలమీది మనిషి చాలాసేపు కదల్లేదు.
నిద్రపోయాడేమోనని వంగి చూశాను.

"ఏమీ వినబడటం లేదు," అన్నాడు.
"అదే కదా కావాలి," అన్నాను బిల్లు పుస్తకం తీస్తూ.
"కాదు బాబూ. పొద్దున ఏడింటికి ఈవిడ లేచినట్టు
నాకెలా తెలుస్తుంది?"

ఆవిడ కడ్డీ పట్టుకుని అలాగే నిలబడింది.
ట్రాంపొలీన్ ఇంకా కొంచెం ఊగుతోంది.

మళ్ళీ మూడోది ఎక్కించాడు. తాళ్ళదే, కాస్త చవక,
దిగినప్పుడల్లా మెత్తగా ఒక దబ్,
పక్కగదిలో ఎవరో దిండు దులుపుతున్నట్టు.
"ఇది," అన్నాడాయన.
నా కమీషను సగం పోయింది.
డబ్బా చెరో కొసా పట్టుకుని ట్రామ్ స్టాపుకి నడిచారు,
వెనక్కి ఎవరు నడవాలో తగువులాడుకుంటూ.

మార్చిలో ఆవిడ ఒక్కతే వచ్చింది.
ఆయనేరీ అని అడగబోయి ఆగాను.
ఒక్క తాడు కావాలంది. వదులైందట,
తను గమనించనే లేదట.
పొద్దున్నే తలుపు కొట్టి చెప్పి వెళ్ళాడట:
ఎడమ పక్క, కిటికీ వైపు, పదకొండోది.