పదకొండు మంది చూస్తున్నారు

టాంపెరేలో నవంబరు.
మధ్యాహ్నం మూడున్నరకే పగలు దుకాణం కట్టేసింది.
ట్రాము డిపోలో పని దిగి వచ్చి
ఇర్మెలి బూట్లు విప్పింది, మేజోళ్ళు విప్పలేదు.
వంటింటి బల్ల మీద ఉప్పు డబ్బాకు చేరవేసి
ఫోను నిలబెట్టింది.

సముద్రం కనిపించింది.
సముద్రం అమ్మేవాళ్ళ సముద్రం అది,
ఒక్క అల కూడా వంకరగా లేదు.
ఒడ్డున నిలబడ్డ జంటకి
మోకాళ్ళ నొప్పులున్నట్టు లేవు.

కింద ఒక పెద్ద ధర, దాని మెడ మీద ఎర్రగీత.
పక్కనే చిన్న ధర,
బడికి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా తలకి నూనె రాసుకుని.
ఆ పెద్ద ధరకి ఎవరైనా ఎప్పుడైనా కొన్నారా?
కొనలేదని ఇర్మెలికి తెలుసు.
అంగట్లో చేపలవాడూ ఇంతే.
తెలిసీ, ఆ గీత చూడగానే
లోపల ఎక్కడో కాస్త మెత్తబడింది.

మార్చిలో ఆడపడుచు సిర్క్కా
మదైరా నుంచి ఒంటికి పట్టించుకొచ్చిన రంగు,
మెడ దగ్గర గొలుసు వదిలిన తెల్లటి జాడ,
అదీ ప్రకటనే,
ఎవరూ డబ్బివ్వకుండా వేసింది.
ఎనిమిది నెలలుగా చెరగలేదు,
సిర్క్కా మెడ మీద కాదు, ఇర్మెలి కళ్ళలో.

"ఈ గదిని ఇప్పుడు పదకొండు మంది చూస్తున్నారు."

ఎవరు వాళ్ళు?
కువోపియోలో రై రొట్టె నములుతూ ఒకడు.
రాత్రి డ్యూటీలో, మందుల అలమర చాటున ఒక నర్సు.
విడాకుల కాగితాల మీదే ఫోను పెట్టుకున్న ఇంకెవరో.
అందరి ముఖాల మీదా ఒకటే నీలం.
అందరూ ఒకే కిటికీ దగ్గర తోసుకుంటున్నట్టు
ఆమె తెలియకుండానే
మోచెయ్యి కాస్త ముందుకు జరిపింది.

మూలన గడియారం వెనక్కి నడుస్తోంది.
నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు.

"అద్భుతం" అన్నారు నూట నలభై మంది.
ఇంతమందికి ఒకే మాట ఎలా దొరికింది?
నమ్మబుద్ధి కాలేదు.
వేలితో కిందికి, ఇంకా కిందికి,
నేలమాళిగ మెట్లు దిగినట్టు దిగింది.
అక్కడ రెండు చుక్కలతో
బెర్త్‌హోల్డ్ అనే ఒకాయన అలిగి కూర్చుని ఉన్నాడు:

"తెల్లవారుజాము నాలుగింటికి పక్క పెరట్లో కోడి కూస్తుంది.
రోజూ. ఆదివారం కూడా.
ఇంటావిడ సాయంత్రాలు సార్డీన్లు కాలుస్తుంది, వాసన పరదాలకు పట్టి వదలదు.
గోడలు పల్చన. పక్కింటివాళ్ళ నవ్వులు వినిపిస్తాయి.
వారం మొత్తంలో ఒక్క గంట నిశ్శబ్దం లేదు."

ఇర్మెలి రెండోసారి చదివింది.
కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి.

కోడి కూయకపోతే తెల్లవారదా అంటారు.
ఇక్కడ నవంబరులో నిజంగానే తెల్లవారదు.
ఈ ఇంట్లో నిశ్శబ్దం
ఫ్రిజ్జు ఆగినప్పుడు పూర్తవుతుంది.

గడియారం సున్నాకి చేరింది.
ఏమీ కాలేదు. గది ఎగిరిపోలేదు.
సిగ్గుపడ్డట్టు ఒక్క క్షణం మిటకరించి
మళ్ళీ పదిహేను నిమిషాల దగ్గర మొదలైంది.
ఆమెకి నవ్వొచ్చింది, గట్టిగానే.
నవ్వి, కొనేసింది.

బీమా కావాలా? వద్దు.
కిటికీ సీటు? వద్దు.
విమానాశ్రయం నుంచి కారు? వద్దు వద్దు.
కాళ్ళు చాపుకునే చోటు?
వేలు ఆగింది. మోకాళ్ళు జవాబిచ్చాయి.
ఇంకో ముప్ఫై నాలుగు యూరోలు.

ఆఖర్న ఒక ప్రశ్న, ఒక్క నిమిషమే అంటూ.
మీ చేత కొనిపించింది ఏది?
ధర. ఫోటోలు. తెలిసినవారి సలహా.
వాడటంలో తేలిక. మా మీద నమ్మకం.
కోడికి గడి లేదు.
"ఇతరములు" దగ్గర చిన్న ఖాళీ ఉంది.
అందులో కుక్కో అని రాసింది,
వాళ్ళ భాషలో పుంజు.
ఎవరు చదువుతారో, చదివి ఏ లెక్కలో వేస్తారో.

పేజీ మూసేముందు చూసింది.
ఇప్పుడు పది మంది.
రై రొట్టె అతను
ఇంకా నములుతూనే ఉన్నాడేమో.