ఈ పొద్దు సున్నా

పొదలకూరు నిమ్మకాయల మార్కెట్టు ఎదురుగా
నా నెట్ సెంటర్ షట్టర్ సగం లేచేసరికే
కింద నుంచి వంగి వస్తాడు దస్తగిరి.
ఆధార్ పనీ లేదు, అడంగల్ పనీ లేదు.
"పెట్టబ్బయా, ఈ పొద్దు ఎట్టా రాశాడో చూద్దాం."

వెతికే పేజీ తెరుస్తాను.
ఆరక్షరాల ఆ ఇంగ్లీషు పేరు
ఒకనాడు ఎవరో పాతకాలపు శాస్త్రవేత్త గడ్డంలో దాక్కుని ఉంటుంది,
ఒకనాడు వానలో తడిసే కప్పల వరుసై.
దస్తగిరికి ఇంగ్లీషు రాదు.
నడుమ రెండు సున్నాలుంటాయని మాత్రం తెలుసు.
ముందు వాటినే పట్టుకుంటాడు,
సంతలో జేబుదొంగను పట్టుకున్నట్టు:
"అదిగో, కప్ప కళ్లు!"

ముప్పై ఏళ్లు గోడల మీద రాసిన చెయ్యి అది.
ఎరువుల కొట్లు, సోడా బండ్లు, రొయ్యల మేత లారీలు,
మూడు పార్టీలకూ ఒకే గోడ మీద ఒకే బ్రష్షు.
ఫ్లెక్సు మిషను వచ్చాక
మార్కెట్టులో బస్తాల మీద నంబర్లు వేస్తోంది.

ఏ వేషమూ లేకుండా
ఉత్త అక్షరాలే ఉన్న రోజు
తెరకేసి కాసేపు చూసి అడుగుతాడు:
"ఈ పొద్దు పెయింటర్ సెలవా?"

నవంబరు గాలివానకు
నా ఫ్లెక్సు చిరిగి కరెంటు తీగకు వేలాడింది.
కొత్తది కొట్టిద్దామని నెల్లూరు పోయి వచ్చేసరికి
మెట్ల పక్క గోడకు తెల్లరంగు.
దారం పట్టలేదు, స్కేలు పెట్టలేదు,
'నెట్ సెంటర్' అని రాసి
'సె' తర్వాత సున్నా చోటు వదిలేశాడు.
మర్నాడు అక్కడ నిమ్మకాయ.
కోతకొచ్చిన రంగు,
తొడిమ దగ్గర చిన్న మచ్చతో సహా.
"మచ్చెందుకు?" అన్నాను.
"మచ్చ లేని కాయ ఫ్లెక్సులో ఉంటాది."

రొట్టెల పండక్కి అది రొట్టె అయింది,
ఒక అంచు కాస్త మాడి.
శ్రీహరికోటలో రాకెట్ లేచిన మర్నాడు
పొగ తోక ఉన్న నిప్పుముద్ద.
నిమ్మ ధర పడిపోయి
రైతులు కాయలు రోడ్డు మీద పోసిన రోజు
దాన్ని నల్లగా నింపి వెళ్లిపోయాడు.
లోపలికి రాలేదు.

బేరగాళ్లు టీ గ్లాసులతో ఆగుతారిప్పుడు:
"ఈ పొద్దు సున్నా ఏంది?"
జిరాక్సు మాత్రం ఎవరూ అడగరు.
రంగు డబ్బాల బాకీ నాలుగొందల ఎనభై.

మొన్న సున్నా ఉత్త గీతే. లోపలేమీ లేదు.
ఏందబ్బా అంటే
బస్తా కుట్టే దబ్బనం దిగి వాచిన వేలు చూపించాడు.
"పెయింటర్ సెలవు."

సాయంత్రం బడి వదిలాక
ఎవరో బొగ్గుముక్కతో ఆ సున్నాలో
రెండు కళ్లు, ఒక వంకర నోరు పెట్టి పోయారు.
తుడుద్దామని గుడ్డ తడిపాను.
దస్తగిరి నా చెయ్యి ఆపి
ఆ నోటి గీత దగ్గరికి ముఖం పెట్టి
చాలాసేపు చూశాడు.
"ఉండనీ అబ్బయా,
చెయ్యి ఎత్తకుండా గీసినాడు."